ఉతికిన కోటు

"ఎవరు ముట్టుకోమన్నారమ్మా దాన్ని? నేను అడిగానా నిన్ను?"

పిట్ట గొంతు చించుకుని అరిచింది. అరిస్తే భుజం నుంచి మోచేతి దాకా వేసిన కుట్లు లాగుతున్నాయి. అయినా అరిచింది.

ఇస్త్రీ బల్ల మీద ఆమె నీలం కోటు మడతపెట్టి ఉంది. నిన్న రాత్రి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు దాని ఎడమ చెయ్యి నిలువునా చీలి, నెత్తురుతో తడిసి ఉంది. ఇప్పుడు చూస్తే కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంది. మరక జాడ లేదు. చీలిక ఉన్నచోట సన్నటి కుట్టు, అది కూడా వేలితో తడిమితేగానీ తెలియదు.

అమ్మ బిక్కమొహం వేసింది. కూతురు లేచి చూసి సంతోషిస్తుందనుకుంది పాపం.

"నెత్తురు మరక ఆరితే ఇంక పోదే పిట్టా. అందుకే రాత్రే చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాను."

"పోకూడదనేగా దాన్ని సంచిలో పెట్టుకున్నది! పొద్దున్నే పోలీసులకి చూపించాలని తలగడ పక్కనే పెట్టుకుని పడుకున్నాను. నా తల పక్కనుంచి తీసుకుపోయావా?"

"మరక బట్ట అలా పడేసుకుని ఎలా పడుకుంటారే?"

నిజంగానే ఆమెకి అర్థం కాలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ముందుగదిలో లాండ్రీ నడుపుతోంది. అత్తగారు నేర్పిన మొదటి నియమం, మరక బట్ట తెల్లారేదాకా ఉండకూడదని. తడి మరక కంటపడితే చాలు, ఆమె చేతులు ఆమెని అడగవు.

అన్న గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. సామాన్ల వ్యాను నడుపుతాడు. రాత్రంతా అతనికీ నిద్ర లేదు.

"మంచిదే అయింది. పోలీసులూ వద్దు, గీలీసులూ వద్దు. కుట్లు మానేదాకా ఇంట్లో పడుకో."

"నేను స్టేషనుకి వెళ్తున్నాను."

"వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"చెయ్యి వాడు కోశాడు. కాళ్ళు నువ్వు విరగ్గొట్టు. పని పూర్తవుతుంది."

అన్న బూటు తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు.

వంటగది తలుపు దగ్గర నిలబడి వదిన మెల్లగా అంది. "కిందటి నెల సంగతి మర్చిపోయావా పిట్టా?"

ఎవరు మర్చిపోతారు? బంగారం కొట్టు యజమాని కూతురి చేతిసంచి ఎవడో లాక్కుని పారిపోయాడు. ఆ పిల్ల కింద పడి మణికట్టు బెణికించుకుంది. పాపం, బెణికితే నొప్పే, కాదనం. కానీ ఆ ఒక్క మణికట్టు కోసం ఊరు మొత్తం కదిలింది. దుకాణాలు మూశారు. ఊరేగింపు తీశారు. సంచి లాక్కున్న మలుపులో అప్పటికప్పుడు కొత్త దీపాలు వేయించారు. దొంగ మొహం చూడలేదని ఆ పిల్లే చెప్పింది. ఆమె చూడకపోతేనేం, పోలీసులకి తెలిసిపోయింది! వ్యాన్లు నేరుగా ఈ వీధికే వచ్చాయి.

ఈ వీధిలో ఉండేవాళ్ళ తాతముత్తాతల్ని రైలు పట్టాలు వేయడానికి ఎక్కడినుంచో తెచ్చుకున్నారు. పట్టాలు వేయడం అయిపోయింది. వీళ్ళ ఒంటి రంగు మాత్రం మారలేదు. మసివాళ్ళు అంటారు వీళ్ళని ఊళ్ళో. పెద్దమనుషులు మొహం మీద అనరు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడతారంతే. ఆ రోజు వీధిలోని మగపిల్లల్ని వరసగా ఎక్కించుకుపోయారు. అన్ననీ తీసుకుపోయారు. తర్వాత దొంగ దొరికాడు, తెల్లటివాడే, ఊళ్ళోవాడే. తప్పయిందని ఒక్కడు కూడా ఈ వీధికి వచ్చి అనలేదు.

"మర్చిపోలేదు వదినా. ఆ పిల్ల మణికట్టుకి అంత చేసినవాళ్ళు నా చేతికి ఎంత చేస్తారో చూద్దామని వెళ్తున్నాను."

పిట్ట ఒక్కచేత్తోనే కోటు తీసి సంచిలో కుక్కింది. మడత నలిగిపోతుంటే అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వచ్చి ఆగింది.

అన్న వ్యాను తాళాలు తీసుకున్నాడు. తిడుతూనే తీసుకున్నాడు. ఒంటరిగా పంపలేడు కదా.

*

ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. కలం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు, రాయలేదు.

పిట్ట చెప్పింది. నిన్న సాయంత్రం హోటల్లో దుప్పట్ల పని ముగించుకుని బస్సు డిపో వెనక సందులోంచి వస్తోంది. ఒకతను కారు ఆపాడు. పొడుగ్గా ఉన్నాడు, తెల్లటివాడు, తెల్లచొక్కా, కుడి చెవి కింద పుట్టుమచ్చ. ఎక్కమన్నాడు. ఎక్కనంది. దిగి దారికి అడ్డం నిలబడ్డాడు. మళ్ళీ కాదంది.

"అప్పుడేమన్నాడు?"

"'మసిదానివి, నీకు కాదనే పొగరు కూడానా' అన్నాడు. అని కత్తి తీశాడు."

"ఆ వేళప్పుడు ఆ సందులో నీకేం పని?"

"ఇంటికి రావడం."

"పెద్దరోడ్డు ఉందిగా."

"పెద్దరోడ్డులో మా కాలనీ బస్సు ఆగదు సార్."

"అతను నీకు ముందే తెలుసా? అంటే, ఇదివరకెప్పుడైనా అతని కారు ఎక్కావా?"

గోడ దగ్గర నిలబడ్డ అన్న పళ్ళు కొరికాడు. పిట్ట చెవులు వేడెక్కాయి. బంగారం కొట్టువాళ్ళ అమ్మాయిని అడిగారా ఈ ప్రశ్న? అడిగి బతికి బట్టకట్టేవాడా ఈయన?

"లేదు," అంది.

పక్కనే కూర్చున్న లేడీ కానిస్టేబులు జాలిపడింది. ఆవిడా తెల్లటి మనిషే. వంగి చెవిలో చెప్పినట్టు చెప్పింది. "చూడమ్మా, ఆ రంగు మాట తీసెయ్. అది లేకుండా రాస్తే ఆడపిల్లని అల్లరి పెట్టాడని తేలిగ్గా అయిపోతుంది. అది ఉంటే పైనుంచి సవాలక్ష అడుగుతారు. నేనూ ఆడదాన్నేగా, నీ మంచికే చెప్తున్నా."

"వాడు అన్నమాట అది మేడమ్. నేను అనలేదు."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "సరే. నిన్న వేసుకున్న కోటు ఏది?"

పిట్ట సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కోటు చేతి మీది కుట్టు దగ్గర వేలు ఆపాడు.

"ఇదేనా?"

"మా అమ్మ ఉతికింది సార్. మాది లాండ్రీ. మరక ఉంటే ఉంచదు. నన్ను అడక్కుండా..."

"ఉతికింది. కుట్టింది. ఇస్త్రీ కూడా చేసింది." ఆయన నవ్వలేదు. "రాత్రికి రాత్రే అంత తొందర ఎందుకొచ్చింది మీ అమ్మకి? ఎవరికోసం?"

"ఎవరికోసం ఏంటి సార్?"

"స్టేషనుకి రావడం ఇంట్లో అందరికీ ఇష్టమేనా?"

అన్న ఉండబట్టలేక మధ్యలో దూరాడు. "నేనే వద్దన్నాను సార్. పొద్దున్నించి మొత్తుకుంటున్నాను, వింటేగా! కాళ్ళు విరగ్గొడతానని కూడా అన్నాను."

అనేశాక తెలిసింది అతనికి. ఇన్‌స్పెక్టరు అప్పుడు మొదటిసారి కలం పట్టుకున్నాడు.

"కాళ్ళు విరగ్గొడతానన్నావు."

"అంటే... కోపంలో అంటాంగా సార్, ఎవరైనా అంటారు ఇంట్లో."

"మీ ఇళ్ళల్లో అంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు చాలా మెత్తగా. "మీ ఇళ్ళల్లో ఇలాంటివి మామూలే. చెల్లెలు ఎవడితోనో కనబడింది, అన్నకి కోపం వచ్చింది. అమ్మ కొడుకుని కాపాడుకోవాలని బట్ట ఉతికింది. చెల్లెలికి తెల్లచొక్కావాడి కథ చెప్పమన్నారు. నాకిది కొత్త కాదు."

పిట్ట లేచి నిలబడింది. "ఏం మాట్లాడుతున్నారు మీరు? మా అన్న అప్పుడు వ్యాను మీద వెళ్ళాడు, ఊళ్ళోనే లేడు!"

"అది మేం కనుక్కుంటాం. నువ్వు ఇంటికి వెళ్ళు."

ఇద్దరు కానిస్టేబుళ్ళు అప్పటికే అన్నకి అటూ ఇటూ వచ్చి నిలబడ్డారు. ఈ స్టేషనులో కాళ్ళు ఇంత చురుగ్గా కదులుతాయని పిట్టకి అప్పుడే తెలిసింది. చెయ్యి తెగిన మనిషి వస్తే కుర్చీలోంచి లేవనివాళ్ళు, ఆమె వెంట వచ్చిన నల్లటి మనిషి కోసం పరుగున వచ్చారు.

*

మధ్యాహ్నానికి మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, వీధి సంఘానికి పెద్ద. ఏ గొడవైనా ఆయన కండువా సర్దుకుని మధ్యలో కూర్చుంటే తీరిపోవాలి. ఆయన భార్య, అత్తయ్య, వెనకే వచ్చి తలుపుచాటున నిలబడింది. ఆవిడ ఎక్కడికి వచ్చినా తలుపుచాటునే నిలబడుతుంది.

"నేను ఇన్‌స్పెక్టరుతో మాట్లాడి వచ్చాను. మనిషి మంచివాడే. మెట్ల మీంచి పడ్డాను, గాజుపెంకు గీసుకుంది, కంగారులో ఏదో చెప్పాను అని పిట్ట ఒక్క సంతకం పెడితే సాయంత్రానికి పిల్లాణ్ణి వదిలేస్తాడు."

"నా చెయ్యి ఎవరు కోసినట్టు?"

"మెట్లు కోశాయి," అన్నాడు మావయ్య విసుగ్గా. "చూడమ్మా, ఇప్పుడు మగపిల్లాడి ఒళ్ళు ముఖ్యం. వాణ్ణి బయటికి తెచ్చుకున్నాక సంఘం తరఫున అర్జీ పెడదాం. మన జాతి మీద దాడి అని గట్టిగా రాద్దాం. కారెక్కమన్నాడు గీరెక్కమన్నాడు, అవన్నీ మాత్రం వద్దు. ఆడపిల్లవి. పరువు పోతుంది."

పిట్టకి నవ్వొచ్చింది. ఏడుపు రావలసినచోట వచ్చిన నవ్వు అది.

"పొద్దున స్టేషనులో ఆవిడ రంగు తీసెయ్యమంది. ఇప్పుడు నువ్వు ఆడదాన్ని తీసెయ్యమంటున్నావు. రెండూ తీసేస్తే ఇంక మెట్లే మిగులుతాయి మావయ్యా. వాడు నన్ను కోసేటప్పుడు సగం నల్లదాన్నీ సగం ఆడదాన్నీ విడివిడిగా కోయలేదు. ఒక్క చెయ్యే కోశాడు."

"నోరు బాగా లేచింది దీనికి. అక్కా, నువ్వు చెప్పు."

అమ్మ పొద్దుటి నుంచి బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ఇస్త్రీ పెట్టె చల్లారిపోయింది. కొడుకుని ఆపేశారని తెలిసినప్పటి నుంచి ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు తలెత్తి తమ్ముణ్ణి చూసింది.

"ఏం చెప్పాలిరా? నీ పెళ్ళాం ముక్కు పగిలినప్పుడు చెప్పినట్టే చెప్పాలా?"

మావయ్య కుర్చీలోంచి సగం లేచాడు.

"అక్కా! ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"దాని పసుపు కండువా. ముక్కులోంచి కారిన నెత్తురు. 'వదినా, ఆయనకి తెలియకుండా పోగొట్టు' అని తెచ్చింది. పోగొట్టాను. దాని తర్వాత ఇంకొకటి తెచ్చింది. అదీ పోగొట్టాను. ఒక్క దాని బట్టలేనా? ఈ వీధిలో ఏ ఆడదాని బట్ట మీద నెత్తురు పడ్డా నా దగ్గరికే వచ్చింది. కొన్ని మొగుళ్ళు చేసినవి. కొన్ని పనికి వెళ్ళిన ఇళ్ళల్లో దొరలు చేసినవి. ఎవరు చేశారని నేను అడగలేదు. అడగనని తెలుసు గనకే తెచ్చేవాళ్ళు. ఉతికాను, కుట్టాను, కొత్తవాటిలా చేసి ఇచ్చాను. మేలు చేస్తున్నాననుకున్నాను."

ఆమె రెండు చేతులూ బల్ల మీద బోర్లించింది.

"వాళ్ళ సాక్ష్యం మొత్తం నా చేత్తోనే కాలవలో పోశాను. ఇప్పుడు నా కూతురిదీ పోశాను. దానికి నా కొడుకుని పట్టుకున్నారు."

తలుపుచాటున అత్తయ్య నేల చూపులు చూస్తోంది. మావయ్య మొహం కందగడ్డలా అయింది. కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

పిట్ట వెళ్ళి అమ్మని కావలించుకోలేదు. అంత తేలికా?

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది కటువుగా. "నాకు తెలిసుంటే కోటు ఇంటికే తెచ్చేదాన్ని కాదు."

అప్పుడు వదిన ముందుకు వచ్చింది. నెమ్మదైన మనిషి. ఆమె గొంతు పెరగడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇప్పుడూ పెరగలేదు.

"అవన్నీ తర్వాత తేల్చుకోండి. పిట్టా, కిందటిసారి వాళ్ళు మీ అన్నని ఏం చేశారో నీకు చెప్పలేదు. నాకు చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. ఇప్పటికీ రాత్రిళ్ళు దీపం ఆర్పనివ్వడు. నీ చెయ్యి మానుతుంది. నీది న్యాయమే, నేను కాదనను. కానీ నా మనిషిని నాకు తెచ్చివ్వు."

పిట్ట ఇన్‌స్పెక్టరుకి చెప్పగలదు, మావయ్యకి చెప్పగలదు. వదినకి ఏం చెప్తుంది? ఎంత అన్యాయం చూడండి! కోసినవాడు ఎక్కడో హాయిగా భోంచేసి ఉంటాడు. ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ముందు ఒకరు దోషుల్లా నిలబడ్డారు.

"పద," అంది పిట్ట చివరికి. "సంతకం పెడతాను."

*

స్టేషనులో కాగితం సిద్ధంగానే ఉంది. "మెట్ల మీంచి పడినందువల్ల" అని శుభ్రంగా టైపు చేసి ఉంది. పిట్ట చెప్పినదాంట్లో ఒక్క ముక్క రాసుకోనివాళ్ళు, ఆమె చెప్పనిదాన్ని ఎంత ముచ్చటగా రాశారో!

పిట్ట, వదిన బల్ల ముందు నిలబడ్డారు. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అత్తయ్య బయట వరండాలో ఉంది. పిలవకుండానే వచ్చింది. మావయ్య మాత్రం రాలేదు.

"అన్నని చూపించండి. తర్వాత పెడతాను," అంది పిట్ట.

తీసుకొచ్చారు. నడుస్తూనే వచ్చాడు. కింది పెదవి చిట్లి వాచిపోయింది. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పెట్టెయ్ పిట్టా," అన్నాడు అన్న. "ఇంటికి పోదాం."

పిట్ట కలం అందుకుంది. కాగితం మీద పెట్టబోతూ ఆగింది.

"నీ మొహానికి ఏమైంది?"

అన్న ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"మెట్ల మీంచి పడ్డాను."

గోడ దగ్గర ఒక కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. "అన్నాచెల్లెళ్ళకి మెట్లు అచ్చిరాలేదు సార్," అన్నాడు.

ఆ నవ్వు పిట్టకి కుట్ల దాకా తగిలింది. రాత్రి కత్తి తగిలినప్పుడు కూడా ఇంత మండలేదు. అన్న మొహం చూసింది. తన నోట్లోంచి వచ్చిన మాట తనే విని తెల్లబోయినట్టున్నాడు. ఇప్పుడే ఇదే మాట మీద చెల్లెల్ని సంతకం పెట్టమన్న మనిషే అతను.

పిట్ట కలం కింద పెట్టేసింది.

"నేను పెట్టను. రాసుకోండి. నాది ఒకటి, మా అన్నది ఒకటి. రెండు ఫిర్యాదులు."

"పిట్టా!" అంది వదిన. ఆ ఒక్క పిలుపులో ఎంత తిట్టు ఉందో అంత ప్రాధేయపడటమూ ఉంది.

"మీ అన్న ఏ ఫిర్యాదూ చెయ్యలేదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇప్పటికీ మర్యాదగానే అన్నాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "వీళ్ళిద్దరితో నేను కాస్త విడిగా మాట్లాడాలి. మిగతావాళ్ళని బయటికి పంపించి ఆ తలుపు వెయ్యండి."

కానిస్టేబులు వదినని గుమ్మం వైపు నడిపించాడు. తలుపు రెక్క పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. గుమ్మంలో అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"తలుపు మూయకు బాబూ."

"జరగమ్మా పక్కకి."

"ఈ గది తలుపు మూస్తే లోపల ఏమవుతుందో నాకు తెలుసు. నా పెళ్ళయిన కొత్తలో అప్పటి పెద్దసారుకి ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి నేనిక్కడికి వచ్చినప్పుడు తెలిసింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి మొదట ఉతికింది నా బట్టలే."

పిట్ట గిరుక్కున తిరిగింది. మధ్యాహ్నం అంత చెప్పిన అమ్మ ఈ సంగతి చెప్పలేదు.

వరండాలోంచి అత్తయ్య వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా, మాట్లాడకుండా, రెండో రెక్క పట్టుకుంది. వదిన ఇద్దరినీ చూసింది. మొగుడి మొహం చూసింది. బయటికి వెళ్ళకుండా గడప మీదే ఆగిపోయింది.

గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"నేను పడలేదు," అన్నాడు అన్న.

చిట్లిన పెదవితో మాట సరిగ్గా రాలేదు. అందుకని మళ్ళీ అన్నాడు, ఈసారి ఇన్‌స్పెక్టరు కళ్ళలోకి చూస్తూ. "నేను మెట్ల మీంచి పడలేదు. నన్ను కొట్టింది ఎవరో చెప్తాను. ముందు మా చెల్లెలిది రాయండి."

ఇన్‌స్పెక్టరు కలానికి మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. తర్వాత పై అధికారికి చెప్పడానికి మెల్లగా ఫోను అందుకున్నాడు. గుమ్మంలో ఆడవాళ్ళెవరూ జరగలేదు.